కిటికీ పక్కన కుర్చీ

మొహం చూసి బొట్టు పెట్టాలంటారు మన పెద్దవాళ్లు. ఆ మాట ఎలా ఉన్నా, ఫోటో తీసేవాళ్లు మాత్రం వెలుగు చూసి మనిషిని కూచోపెట్టాలి. ఈ ముక్క తెలియకే మన ఇళ్లల్లో ఉన్న ఫోటోల్లో సగానికి సగం మనుషులు తమలాగా ఉండరు. అద్దంలో లక్షణంగా కనిపించే పిన్నిగారు ఫోటోలో జ్వరం పడి లేచినట్టుంటారు. నవ్వితే బుగ్గ సొట్టపడే కోడలుపిల్ల ఫోటోలో అప్పడంలాగా చదునుగా ఉంటుంది. "నా మొహం ఫోటోకి పనికిరాదమ్మా, మీరు తీయించుకోండి" అంటూ పక్కకి తప్పుకునే ఆడవాళ్లు ఇంటికొకరైనా ఉంటారు. ఫోటోకి పనికిరాని మొహం అంటూ లోకంలో లేదండీ. పనికిరానిది ఆ పూట ఆ మొహం మీద పడ్డ వెలుగు.

ఇంత చిన్న విషయానికి ఇంత ఉపోద్ఘాతమా అనకండి. ఎవరింట్లోనైనా పెద్దావిడ పోయినప్పుడు గమనించారా? పెద్దకర్మ నాటికి పటం కావాలి. అల్మైరాలన్నీ వెతుకుతారు. ఏదో పెళ్లిలో తీసిన గ్రూపు ఫోటో దొరుకుతుంది. అందులో ఆవిడ మూడో వరసలో, ఎవరి భుజం వెనకో సగం మొహంతో ఉంటుంది. ఆ సగాన్నే కత్తిరించి, పెద్దది చేయించి, దండ వేస్తారు. అరవై ఏళ్లు ఆ ఇంటిని మోసిన మనిషికి, తన మొహం తనదిగా ఉన్న ఫోటో ఒక్కటి ఉండదు. డబ్బు లేక కాదు, కెమేరా లేక కాదు. ఒక్క పావుగంట ఆవిణ్ణి వెలుగులో కూచోపెట్టి చూసినవాళ్లు లేక.

మనిషి మొహాన్ని వెలుగులో ఎలా కూచోపెట్టాలో కనుక్కోడానికి ప్రపంచానికే పాతికేళ్లు పట్టింది. ఆ కనుక్కున్నవాళ్లలో నాకు బాగా నచ్చిన మనిషి, నలభై ఎనిమిదేళ్ల వయసులో ఇంటి వెనక కోళ్లగూడు ఖాళీ చేయించి అందులో స్టూడియో పెట్టిన ఒక ఇల్లాలు. ఆవిడ పుట్టింది మన కలకత్తాలో. ఆవిడ దగ్గరకి వెళ్లేముందు, ఆవిడకి ముందు ఏం జరిగిందో కాస్త చెప్పుకుందాం.

1839 ఆగస్టు 19న పారిస్‌లో దాగెర్ అనే ఆయన ఫోటో తీసే విధానాన్ని లోకానికి వెల్లడించారు. వెండి పూసిన రాగి రేకుకి అయొడిన్ ఆవిరి పట్టించి, కెమేరాలో పెట్టి, తర్వాత పాదరసపు ఆవిరి చూపిస్తే బొమ్మ తేలేది. చెట్లూ, మేడలూ బ్రహ్మాండంగా పడ్డాయి. మనుషులే పడలేదు. ఎందుకంటే మేడలు కదలవు, మనుషులు కదులుతారు. అంతకు ముందు ఏడాది, 1838లో, దాగెర్ తన కిటికీలోంచి పారిస్‌లో ఒక పెద్ద వీధిని ఫోటో తీశాడు. బళ్లూ జనమూ తిరిగే వీధి ఆ ఫోటోలో కర్ఫ్యూ పెట్టినట్టు ఖాళీగా ఉంటుంది. ఒక మూల మాత్రం ఒక మనిషి ఆకారం కనిపిస్తుంది. ఆయన కాలు ముందుకు పెట్టి బూట్లు పాలిష్ చేయించుకుంటూ నిలబడిపోయాడు. వీధిలో అందరికంటే నిదానంగా ఉన్నందుకు ఆయన చరిత్రకెక్కాడు. పేరు మాత్రం ఎవరికీ తెలియదు.

అదే 1839లో అమెరికాలో, ఫిలడెల్ఫియా ఊళ్లో రాబర్ట్ కార్నీలియస్ అనే యువకుడు తన ఫోటో తనే తీసుకున్నాడు. వాళ్లది దీపాల వ్యాపారం. ఇల్లంతా దీపాలున్నా, ఫోటోకి ఆ వెలుగు ఏ మూలకి? దుకాణం వెనక ఆరుబయట ఎండలో నిలబడాల్సివచ్చింది. రేగిన జుట్టుతో, కాస్త పక్కకి జరిగిపోయి ఉన్న ఆ బొమ్మ ఇప్పటికీ ఉంది. ఈనాటి పిల్లల సెల్ఫీలకి మూలపురుషుడు ఆయనే!

ఆ మరుసటి ఏడు, 1840లో, న్యూయార్కులో డ్రేపర్ అనే ప్రొఫెసరు తన అక్క డొరొతీ క్యాథరీన్‌ని ఫోటో తీశాడు. ఆవిడ అరవై అయిదు సెకన్లు రెప్ప కూడా సరిగా ఆర్పకుండా కూచోవాలి. వెలుగు చాలక, మొదటి ప్రయత్నాల్లో ఆయన మనుషుల మొహాలకి తెల్లటి పొడి కూడా పూసి చూశాడు. తర్వాత ఇంకో ఉపాయం ఆలోచించాడు. అప్పటి రేకులకి నీలిరంగు వెలుగు ఒక్కటే బాగా కనిపించేది. కనుక ఎండని నీలం గాజులోంచి పంపిస్తే, రేకుకి కావలసిన వెలుగు దానికి అందుతుంది, మనిషి కళ్లు మాత్రం జిగేలుమనవు. 1841లో లండన్‌లో రిచర్డ్ బియర్డ్ అనే వ్యాపారి ఒక భవనం పైకప్పు మీద స్టూడియో తెరిచినప్పుడు ఈ కిటుకే వాడుకుని నీలం గాజు కప్పు వేయించాడు. కదలకుండా ఉండడానికి తల వెనక ఇనప పట్టుకొయ్య ఒకటి. పాతకాలం ఫోటోల్లో ఎవరూ నవ్వరేమని అడుగుతుంటారు మన పిల్లలు. తల వెనక ఇనప కొయ్య, ఎదురుగా ఎండ పెట్టుకుని మీరు నవ్వి చూడండి!

ఆ నీలిరంగు సంగతిలో మనకి పనికొచ్చే మెలిక ఇంకొకటుంది. రేకుకి నీలమే కనిపించేదంటే, ఎరుపూ పసుపూ కనిపించేవి కావన్నమాట. ఆ తర్వాత వచ్చిన గాజు పలకలదీ చాలాకాలం అదే గుణం. ఎర్ర కుంకుమ నల్లటి చుక్కగా పడుతుంది. ఎర్ర పట్టుచీర కాటుక రంగు అవుతుంది. పసుపు రాసుకున్న మొహం నల్లబడుతుంది. మీ ఇంట్లో ముత్తాతల కాలపు ఫోటో ఉంటే చూడండి. "మా ముత్తవ్వ పచ్చగా దబ్బపండులాగా ఉండేదట, ఫోటోలో ఇలా ఉందేమిటి?" అనిపిస్తే, అబద్ధం చెప్పింది మీ బామ్మ కాదు, ఆ గాజు పలక. 1873లో ఫోగెల్ అనే జర్మన్ శాస్త్రవేత్త పలకలకి రంగులు కలిపి మిగతా వెలుగులు కూడా వాటికి కనపడేట్టు చేయవచ్చని చూపించాడు. అది అన్ని చోట్లకీ చేరడానికి ఇంకా ఎన్నో ఏళ్లు పట్టింది.

1851లో ఆర్చర్ అనే ఇంగ్లీషాయన గాజు పలక పద్ధతి కనిపెట్టాక ఫోటోల ఖర్చు తగ్గింది. 1854లో పారిస్‌లో డిస్డెరి అనే ఆయన ఒకే పలక మీద అనేక చిన్న ఫోటోలు తీసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. పేకముక్క కంటే కాస్త పెద్ద అట్టల మీద ఫోటోలు వచ్చిపడ్డాయి. ఇంటింటా ఆల్బములు వెలిశాయి. వెనక పెయింటు చేసిన తెర, పక్కన అట్ట స్తంభం, దాని మీద పూలకుండీ, కుర్చీ వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డ మనిషి. మన ఊళ్లల్లో స్టూడియోల దాకా వచ్చింది ఈ సంప్రదాయమే. వెలుగు నాలుగు వైపులనించీ సమంగా పడాలి, నీడ ఉండకూడదు, బట్టలు కనపడాలి. మొహం మాత్రం వేలి గోరంత! బజారంతా ఇదే ఫోటోగ్రఫీ అనుకుంటున్న రోజుల్లో మన కోళ్లగూటి ఇల్లాలు వచ్చింది.

ఆవిడ పేరు జూలియా మార్గరెట్ కామెరన్. 1815లో కలకత్తాలో పుట్టింది. తండ్రి ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. అక్కచెల్లెళ్లందరూ అందగత్తెలని పేరు. ఈవిడకి మాత్రం ఆ పేరు రాలేదు. తెలివిగలదీ, చురుకైనదీ అనేవారు. అందం లేదనడానికి మర్యాద మాట అదేనని మనకి తెలియంది కాదుగా! 1838లో తనకంటే ఇరవై ఏళ్లు పెద్దవాడైన చార్లెస్ హే కామెరన్ అనే న్యాయశాస్త్రవేత్తని పెళ్లి చేసుకుంది. 1848లో ఇంగ్లండు వెళ్లారు. ఆరుగురు పిల్లల్ని కన్నది. అయినవాళ్ల పిల్లల్నీ, అనాథ పిల్లల్నీ పెంచింది. 1860 నించి వైట్ ద్వీపంలో ఫ్రెష్‌వాటర్ అనే పల్లెలో కాపురం.

1863 డిసెంబరు నాటికి పిల్లలు పెద్దవాళ్లయ్యారు. కూతురు అత్తవారింటికి వెళ్లింది. భర్త సింహళంలో కాఫీ తోటలు చూసుకోడానికి వెళ్లాడు. ఇల్లు ఒక్కసారిగా బోసిపోయింది. అమ్మకి తోచక బెంగపడుతుందని కూతురూ అల్లుడూ క్రిస్మసుకి ఒక కెమేరా కానుక ఇచ్చారు. కాలక్షేపానికి ఇచ్చిన వస్తువు ఆవిడకి జీవితమైపోయింది. బొగ్గుల కొట్టు డార్క్ రూము అయింది. కోళ్ల కోసం కట్టిన గాజు గది స్టూడియో అయింది. (కోళ్లని వదిలేశారట. పాపం, వాటి సంగతి ఆవిడే సరదాగా రాసుకుంది.) 1864 జనవరి 29న ఆనీ అనే చిన్నపిల్ల ఫోటో ఒకటి కుదిరింది. అది తన మొదటి విజయమని దాని మీద రాసుకుని, ఆ రోజే కడిగి, అచ్చు తీసి, ఫ్రేము కట్టించి ఆ పిల్ల తండ్రికి పంపించింది.

అది సుళువైన పని అనుకోకండి. పెద్ద గాజు పలకకి జిగురు మందు పోసి, సిల్వర్ నైట్రేటులో ముంచి, తడి ఆరకముందే ఫోటో తీసి, తడి ఆరకముందే కడగాలి. సిల్వర్ నైట్రేటు పడితే చేతులూ బట్టలూ నల్లబడతాయి, ఉతికినా పోదు. ఆవిడ ఫోటో కుదిరిన ఆనందంలో తడి పలక పట్టుకుని భర్తకి చూపించడానికి భోజనాల గదిలోకి పరిగెత్తేదట. దారిపొడుగునా బల్లగుడ్డల మీద మచ్చలే! ఇంకో ఇంట్లో అయితే తనని బయటికి గెంటేసేవారని ఆవిడే ఒప్పుకుంది. ఆ ముసలాయన మాత్రం ప్రతి ఫోటో చూసి చప్పట్లు కొట్టేవాడట. ఇలాంటి భర్తకి కూడా చరిత్రలో ఒక వాక్యం ఇవ్వాలి.

ఆవిడ చేసిన పని స్థూలంగా మూడు ముక్కల్లో చెప్పవచ్చు. మొదటిది: గాజు గది నిండా వచ్చే వెలుగుని తెరలు వేసి ఆపేసింది. ఒక వైపునించి మాత్రం రానిచ్చింది. రెండోది: స్తంభాలూ పూలకుండీలూ తీసేసి, మొహం దగ్గరకి వెళ్లింది. వెనక నల్లటి గుడ్డ, ముందు మొహం, అంతే. మూడోది: ఓపిక పట్టింది. ఆవిడ ఎక్స్‌పోజర్లు ఒక్కోసారి అయిదారు నిమిషాలు కూడా సాగేవి. అంతసేపట్లో స్టూడియోకని తెచ్చిపెట్టుకున్న మొహం కరిగిపోతుంది. లోపలి మనిషి మెల్లగా పైకి వస్తుంది.

1867లో ప్రఖ్యాత ఖగోళ శాస్త్రవేత్త సర్ జాన్ హెర్షెల్‌ని ఫోటో తీసినప్పుడు, ఆయన్ని ముందు తలంటుకుని రమ్మంది. తెల్లజుట్టు పొడిగా రేగి, వెలుగు తగలగానే కిరణాల్లాగా మెరవాలని. ఇలా తలంటు పోయించి ఫోటో తీయడం ఆడవాళ్లకి తప్ప ఇంకెవరికి తోస్తుంది చెప్పండి! అదే ఏడు తన చెల్లెలి కూతురు జూలియా జాక్సన్‌ని తీసిన ఫోటో ఒకటుంది. సగం మొహం వెలుగులో, సగం చీకట్లో. ఆ పిల్లే తర్వాత రచయిత్రి వర్జీనియా ఉల్ఫ్‌కి తల్లి అయింది. కవి టెనిసన్‌ని, పండితుడు కార్లైల్‌ని ఏ వెలుగులో కూచోపెట్టిందో, ఇంట్లో పనిచేసే మేరీ హిలియర్‌ని కూడా అదే వెలుగులో కూచోపెట్టింది. ఆ పనిపిల్ల ఫోటోల్లో మేరీమాతగా కనిపిస్తుంది. నాకు ఆవిడ గొప్పదనం ఇక్కడే తోస్తుంది. వెలుగుకి హోదాతో పనిలేదు.

సాటి ఫోటోగ్రాఫర్లు ఊరుకుంటారా? గీతలు స్పష్టంగా లేవన్నారు, పలక మీద గీరలున్నాయన్నారు, ఈవిడకి పని రాదని పత్రికల్లో రాశారు. ఆవిడ పట్టించుకోలేదు. 1865లోనే లండన్‌లో సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియం వాళ్లు ఆవిడ ఫోటోలు కొన్నారు. విమర్శించినవాళ్ల పేర్లు ఈనాడు ఎంతమందికి తెలుసు? 1875లో భర్తతో సింహళం వెళ్లిపోయింది. అక్కడ కూడా తోటల్లో పనిచేసేవాళ్ల మొహాల్ని ఫోటో తీసింది. 1879లో అక్కడే కన్నుమూసింది.

పక్కనించి పడే వెలుగులో అంత మహిమ ఏముందంటారా? మొహం చదును పలక కాదు. ముక్కు లేచి ఉంటుంది, కళ్లు లోతుగా ఉంటాయి, బుగ్గ గుండ్రంగా ఉంటుంది. ఇవన్నీ కంటికి తెలిసేది నీడ వల్ల. ఎదురుగా వెలుగు కొడితే నీడలు పోతాయి, నీడతోపాటు మొహమూ పోతుంది. నడినెత్తిన ఎండ ఉంటే కళ్లు గుంటలవుతాయి. వెలుగు ఏటవాలుగా, కాస్త పైనించి, పక్కనించి పడితే మొహానికి ఆకారం వస్తుంది. హాలండు చిత్రకారుడు రెంబ్రాంట్ (1606–1669) బొమ్మల్లో ఈ వెలుగు కనిపిస్తుంది. నీడ వైపు చెంప మీద, కంటికి కింద, చిన్న త్రికోణంలాగా వెలుగు పడుతుంది. ఇప్పటికీ ఫోటోగ్రాఫర్లు దాన్ని రెంబ్రాంట్ వెలుగనే అంటారు.

మా అమ్మమ్మ రెంబ్రాంట్ పేరు విని ఎరగదు. కాని పెళ్లిచూపుల రోజున చాప ఎక్కడ పరచాలో మాత్రం ఆవిడే చెప్పేది. "గుమ్మానికి ఎదురుగా వద్దే, పిల్ల కళ్లు చికిలిస్తుంది. గోడవారగా ఏటవాలుగా వెయ్యండి" అనేది. అంత శాస్త్రం ఆ ఒక్క మాటలో ఉంది. మన సినిమాల్లోనూ ఇంతే. 1957లో వచ్చిన మాయాబజార్ తెలుపు నలుపుల్లోనే కదా తీశారు. అయినా అందులో వెన్నెల చల్లగా తగిలినట్టుంటుంది. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ వెలుగుని ఎక్కడ ఉంచాలో, అంతకంటే ముఖ్యంగా ఎక్కడ ఆపాలో తెలిసిన మనిషి.

ఇక మన హైదరాబాదు సంగతి చెప్పకపోతే కథ పూర్తికాదు. మీరట్ దగ్గర సర్ధనాలో 1844లో పుట్టిన లాలా దీన్‌దయాళ్ ఇంజనీరింగు చదివి, కొలతల ఉద్యోగం చేస్తూ ఫోటోగ్రఫీలోకి వచ్చి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యాడు. నిజాం ఆయనకి రాజా ముసవ్విర్ జంగ్ అని బిరుదిచ్చాడు. రాజుల్నీ దర్బారుల్నీ ఆయన తీసిన ఫోటోలు జగత్ప్రసిద్ధం. కాని ఆ మేడల్లోనే గోషాలో ఉన్న ఆడవాళ్ల మాటేమిటి? పరాయి మగవాడు ఎదురుగా నిలబడి కెమేరా పెట్టడం కుదిరే పని కాదు. వాళ్లకీ తమ మొహం చూసుకోవాలని ఉండదూ?

1892లో దీన్‌దయాళ్ హైదరాబాదులో ఆడవాళ్లకోసమే జనానా స్టూడియో తెరిచాడు. చుట్టూ ఎత్తయిన గోడలు. మగవాడి నీడ కూడా పడకుండా కట్టుదిట్టాలు. ఫోటోలు తీయడానికి కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు ఆవిణ్ణి నియమించాడు. ఒక్కసారి ఊహించండి. జీవితమంతా పరదాల వెనక గడిపిన ఒక బేగం సాహెబా, గోడల మధ్య, తనలాంటి ఆడదాని ఎదుట, ఆకాశం కిందో గాజుకప్పు కిందో కూచుని, మొహం మీంచి ముసుగు తీసి వెలుగు వైపు తిరిగిన క్షణం! ఊరంతా చూడాలని తీయించుకున్నవి కావు ఆ ఫోటోలు. ఆవిడ కోసం, ఆవిడ మనవరాళ్ల కోసం. నాకైతే దీన్‌దయాళ్ తీసిన దర్బారుల కంటే ఈ జనానా స్టూడియోయే పెద్ద విషయంగా తోస్తుంది. వైట్ ద్వీపంలో కోళ్లగూడు ఏ పని చేసిందో, హైదరాబాదులో ఆ నాలుగు గోడలూ ఆ పనే చేశాయి. ఆడమనిషిని కంగారు పెట్టకుండా కూచోపెట్టి, కావలసినంత వెలుగుని లోపలికి రానిచ్చాయి.

ఆ తర్వాత ఏమైందంటే, వెలుగుని జేబులో పెట్టుకు తిరిగే రోజులొచ్చాయి. 1887లో జర్మనీలో మెగ్నీషియం కలిపిన ఫ్లాష్ పొడి వచ్చింది. భగ్గున మండి, గదంతా పొగ. తర్వాత బల్బులు, ఆ తర్వాత కెమేరా నెత్తినే ఫ్లాష్ దీపం. సుఖమే. కాని ఆ వెలుగు ఎప్పుడూ మొహానికి ఎదురుగానే పడుతుంది. మళ్లీ నీడ పోయింది, మళ్లీ అప్పడం మొహాలు మొదలు! ఫోటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని భయపడే మన బామ్మలు, ఆ మెరుపుకి ఉలిక్కిపడి కళ్లు మూసుకున్నారు. ఆ కళ్లు మూసుకున్న ఫోటోలే మనకి మిగిలాయి.

ఇప్పుడు అందరి చేతిలోనూ ఫోనుంది, అందులో కెమేరా ఉంది. అయిదు నిమిషాలు ఊపిరి బిగబట్టక్కర్లేదు, చేతులు నల్లబడక్కర్లేదు. లేనిదల్లా ఆ ఒక్క వైపు వెలుగూ, కాస్త ఓపికా. రెండూ మీ ఇంట్లోనే ఉన్నాయి. ఎలాగంటారా, చెబుతాను.

ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటలప్పుడు ఇంట్లో ఎండ నేరుగా పడని కిటికీ ఏదో చూడండి. ఉత్తరం కిటికీ శ్రేష్ఠం. యూరపులో చిత్రకారులూ ఫోటోగ్రాఫర్లూ స్టూడియోకి ఉత్తరపు వెలుగు కోరుకున్నది అందుకే. మన వైపు మాత్రం ఒక చిన్న సవరణ: బెజవాడ ప్రాంతంలో మే మొదటి వారం నించి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు కూడా కాస్త ఉత్తరంగానే ఉంటాడు. ఆ నెలల్లో ఉత్తరం కిటికీకి పల్చటి తెల్లచీర కట్టేస్తే సరి. మండువా లోగిలి ఉన్న అదృష్టవంతులకి ఇవేవీ అక్కర్లేదు. మండువా అంచున నీడలో కూచోబెడితే అంతకు మించిన స్టూడియో లేదు.

గదిలో దీపాలన్నీ ఆర్పేయండి. ట్యూబులైటు ఒక రంగు, పగటి వెలుగు ఒక రంగు. రెండూ కలిస్తే మొహం ఒక పక్క పచ్చగా, ఒక పక్క నీలంగా ఉంటుంది. కిటికీ నించి మూడు నాలుగడుగుల దూరంలో కుర్చీ వేయండి. మనిషి వీపు కిటికీ వైపు ఉండకూడదు, మొహం నల్లబడుతుంది. పూర్తిగా ఎదురుగానూ వద్దు. మా అమ్మమ్మ చెప్పినట్టు, ఏటవాలు. కంటి పాప మీద చిన్న తెల్ల చుక్క మెరుస్తోందేమో చూడండి. కిటికీ నీడే అది. ఆ చుక్క ఉంటే కంట్లో జీవం ఉంటుంది, లేకపోతే మొహం కాస్త కిటికీ వైపు తిప్పమనండి.

నీడ వైపు చెంప మరీ నల్లగా ఉందనుకోండి, ఉతికిన తెల్ల పంచె ఒకటి తెచ్చి ఆ పక్కన కుర్చీ వీపు మీద వేయండి. పంచె మీద పడ్డ వెలుగు తిరిగి చెంప మీద పడుతుంది. పెద్ద స్టూడియోల్లో వేలు పోసి కొనే పరికరం చేసే పని మీ పంచె చేస్తుంది.

మొహం వెనక ఏముందో చూసుకోండి. తలలోంచి ఫ్యాను మొలవకూడదు, చెవి పక్కన క్యాలెండరు వేలాడకూడదు. ఉత్త గోడ చాలు. ఫోను వాళ్ల కళ్ల ఎత్తున పట్టుకోండి. నిలబడి కిందికి తీస్తే మనిషి కుంచించుకుపోయినట్టుంటుంది. మరీ దగ్గరకి వెళ్లకండి, ముక్కు పెద్దదవుతుంది. అయిదారడుగుల దూరంలో ఉండి, ఫోనులో రెండింతలు దగ్గర చేసుకోండి. కళ్లు ఫోటోలో పై మూడో వంతు దగ్గర ఉంటే కుదురుగా ఉంటుంది. పక్కకి చూస్తున్న మనిషికి, చూస్తున్న వైపు కాస్త జాగా వదలండి. తెర మీద మొహాన్ని వేలితో ఒకసారి తాకితే ఫోను వెలుగుని మొహానికి సరిచేసుకుంటుంది. అన్నట్టు, తీసేముందు ఫోను కన్ను చీరకొంగుతో తుడవండి. సగం ఫోటోలు మసగ్గా రావడానికి కారణం మన చేతి నూనే.

ఇక అన్నిటికంటే ముఖ్యమైంది. "నవ్వమ్మా" అనకండి. నవ్వమంటే వచ్చే నవ్వు పళ్ల డాక్టరుకి చూపించే నవ్వు. చేతికి ఏదైనా పని ఇవ్వండి. మల్లెపూలు కట్టమనండి, చిక్కుడుకాయలు వలవమనండి. చేతులు కూడా ఫోటోలో రానివ్వండి. ఇల్లంతా నడిపించినవి ఆ చేతులేగా. ఏదో పాత సంగతి అడగండి. పెళ్లికి ఎన్ని బళ్లు కట్టారు, మొదటి జీతం ఎంత, మొదటి సినిమా ఎవరితో చూశావు? చెబుతూ చెబుతూ ఒకచోట ఆగుతారు. కళ్లు ఎటో వెళ్లిపోతాయి. కామెరన్ అయిదు నిమిషాల ఎక్స్‌పోజరుతో పట్టుకున్నది ఆ క్షణాన్నే. మీరు ఒక్క మీటతో పట్టుకోవచ్చు. కాకపోతే ఆ క్షణం వచ్చేదాకా ఉండాలి.

ఇవన్నీ మీ అమ్మగారి కోసం, అత్తగారి కోసం చేయండి. పెద్దకర్మకి గ్రూపు ఫోటో కత్తిరించే పని మీ పిల్లలకి పెట్టకండి. చేశాక, ఇంకో చిన్న పని మిగిలి ఉంటుంది. ఇంట్లో ఫోటోలు తీసే మనిషి ఏ ఫోటోలోనూ ఉండదు, గమనించారా? అందగత్తెల మధ్య అందం లేనిదని పేరుపడ్డ జూలియా కామెరన్ కూడా అలాగే మిగిలిపోవలసింది. 1870 ప్రాంతంలో ఆవిడ కొడుకు హెన్రీ ఆవిడ ఫోటో తీశాడు. తర్వాత ఆయనే పేరున్న ఫోటోగ్రాఫర్ అయ్యాడు. మనకి ఆవిడ మొహం ఈనాడు ఆ కొడుకు కంటితోనే తెలుస్తోంది.

కనుక రేపు ఆదివారం ఫోను మీ అబ్బాయి చేతికో, అమ్మాయి చేతికో ఇచ్చి, కిటికీ పక్కన కుర్చీలో మీరే కూచోండి. "నా మొహం ఫోటోకి పనికిరాదు" అన్న మాట మాత్రం ఈసారికి మింగేయండి. వంటింట్లో పప్పు ఉడికేలోపల అయిపోయే పని అది.